ప్రసంగం పొడవు కాదు సమస్య
ప్రసంగం 20 నిమిషాలు దాటితే యువత చర్చిలో కూర్చోరని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది చిత్తూరు. గంటసేపు చెప్పినా కదలకుండా విన్న ప్రసంగాలు ఉన్నాయి, పావుగంటకే గడియారం వైపు చూసినవీ ఉన్నాయి. బైబిల్ వాక్యం చదువుకోకుండా పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కడమే అసలు సమస్య. ఒక వచనం చదివి, దాన్ని అక్కడే వదిలేసి, దేవుడు తనకేం చేశాడో చెప్పే సొంత సాక్ష్యం, కానుకల సంగతి, మధ్యమధ్య 'హల్లెలూయా చెప్పండి' అంటే వినేవాళ్లకు ఏం మిగులుతుంది? నా చిన్నప్పుడు పాకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వచ్చే పాస్టరు అయ్యగారు మత్తయి సువార్త 13లోని విత్తువాని ఉపమానం చెబుతూ, చెనిక్కాయల చేలోంచి తెచ్చిన గుప్పెడు గులకరాళ్ల మట్టిని బల్ల మీద పోశారు. రాతినేల మీద మొలక ఎందుకు మాడిపోతుందో ఆ రైతులకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన చేతిలో క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న నోట్సు ఉండేది. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 8:8లో గ్రంథాన్ని స్పష్టంగా చదివి, జనానికి అర్థమయ్యేలా చెప్పారని ఉంది కదా, మాకు కావాల్సింది అదే. ఆరాధన సంగతీ అంతే. పాత కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, హార్మోనియం పెట్టుకుని అందరూ పాడేవాళ్లు. ఇప్పుడు డ్రమ్స్ హోరులో పాడేది స్టేజీ మీది నలుగురే. వాయిద్యాల మీద నాకు కోపం లేదు, మా అబ్బాయే కీబోర్డు వాయిస్తాడు. కానీ పక్కనున్న పెద్దామె గొంతు నాకు వినపడాలి. పోయిన ఆదివారం ఆమె పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.