మెడ కాలరు గారికి రిలీవింగ్ ఆర్డరు

విజయనగరం,
మంగళవారం.

గౌరవనీయులైన మెడ కాలరు గారికి,

విషయం: మెడనొప్పి – 58 రోజుల తమ సేవలు – బాధ్యతల నుంచి తప్పించుట – గురించి.
సూచిక: ఎముకల డాక్టరు గారి చీటీ, అందులో నేను చదవకుండా వదిలేసిన రెండో లైను.

అయ్యా,

పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా... అని మొదలుపెట్టబోయాను గానీ, పద్దెనిమిదేళ్లుగా ఆఫీసులో ఇదే కొట్టి కొట్టి కదా మెడ ఈ గతికొచ్చింది. మామూలుగానే రాస్తాను.

మీరు మా ఇంటికి రాకముందు సంగతి కొంత చెప్పాలి. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి మెడ కుడివైపుకి తిరగనంది. మా అమ్మ చూసి, నన్ను వదిలేసి నా తలగడ పట్టుకుని మేడ మీదికి వెళ్లి ఎండలో వేసింది. మెడ పడితే తలగడ ఎండబెట్టాలట. సాయంత్రానికి తలగడ వెచ్చగా, హాయిగా తయారైంది. నాకు మాత్రం తర్వాత రక్తపరీక్ష చేస్తే విటమిన్ డి తక్కువని తేలింది. ఏడాదంతా ట్యూబులైటు కింద కూర్చునేవాడికి ఎండ ఎక్కడిది? మా ఇంట్లో ఆ విటమిన్ ఉన్నది తలగడకే.

మర్నాడు ఉప్పు కాపడం. ఆ మర్నాడు వీధి చివర సెలూన్. "ఒక్క తిప్పు బాబూ, టక్కుమంటాది, అంతే" అన్నాడు. టక్కుమంది. అప్పటిదాకా కుడివైపే ఉన్న నొప్పి ఎడమవైపుకి కూడా వచ్చింది. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో రెండు మెడపూసల్లోంచే పోతాయి, అలా విరిపిస్తే ఎప్పుడో ఒకప్పుడు నాళం చిరగొచ్చు, క్షవరానికి వెళ్లి పక్షవాతం తెచ్చుకుంటారా అని తర్వాత డాక్టరు గారు తిట్టారు. ఇక మా ఆఫీసు అటెండరు తాను ఎదురుకాళ్లతో పుట్టాననీ, తన్నడానికి సిద్ధమనీ, చాన్నాళ్లుగా ఆ అవకాశం కోసమే చూస్తున్నవాడిలా ముందుకొచ్చాడు. అది నడుం పట్టుకే పనిచేస్తుందని చెప్పి బయటపడ్డాను.

డాక్టరు గారు ఎక్స్‌రేని లైటుకెదురుగా పెట్టి, "మెడ వంపు పోయిందండీ, నిటారుగా అయిపోయింది" అన్నారు. కాలరు గారూ, చిన్నప్పటి నుంచి అమ్మ, డ్రిల్లు మాస్టారు "నిటారుగా నిలబడరా" అని వీపు మీద చరిచి చరిచి అలిసిపోయారు. నలభై నాలుగో ఏట నా ఎముకలు ఆ మాట విన్నాయి. తీరా అదే జబ్బట! కండరాలు బిగుసుకుంటే వంపు అలా తగ్గుతుందనీ, భయం లేదనీ కూడా అన్నారాయన. ఆ రెండో మాట నాకు నచ్చలేదు. ఫీజు కట్టి రెండు గంటలు బల్ల మీద కూర్చున్నవాడికి ఎంతో కొంత భయం చేతిలో పెట్టి పంపాలి కదా.

ఆ లోటు మీరు తీర్చారు. చీటీ మొదటి లైనులో మీ పేరుంది. మందుల షాపులో 350 రూపాయలిచ్చి, అక్కడే అద్దం ముందు తగిలించుకున్నాను.

మర్నాటి నుంచి నా దశ తిరిగింది. మెడ ఒక్కటే తిరగలేదు. నొప్పి ఎవరికీ కనబడదు, మీరు రోడ్డవతలికి కనబడతారు. గంటస్తంభం దగ్గర నుంచి ఆఫీసు దాకా "ఏటి బావూ, ఏటైనాది?" అని అడగనివాడు లేడు. బస్సులో సీటిచ్చారు. నేను పలకరించలేకపోయినవాళ్లు మాత్రం నన్ను చూసి, మెడ తిప్పకుండా పోతున్నాడు, పొగరెక్కిందనుకున్నారట. అదీ ఒక హోదాయే. ఎన్నికల డ్యూటీ పడితే ఒక్కరోజు అరువిమ్మని ముగ్గురు మిమ్మల్ని ముందే రిజర్వు చేసుకున్నారు.

అన్నిటికన్నా గొప్ప మేలు ఆఫీసర్ గారి గదిలో జరిగింది. ఆయన ఏది చెప్పినా గంగిరెద్దులా తలూపడం నాకు సర్వీసుతో వచ్చిన అలవాటు. మీరు గడ్డం కింద అడ్డం కూర్చున్నాక తల ఊగలేదు. "ఈ ఫైలు ఇవాళే పంపేద్దామా?" అన్నారాయన. నేను ఊపబోయాను, ఆగిపోయింది. ఆయన నా ముఖంలోకి చూసి, "అయితే ఇంకోసారి చూద్దాంలెండి" అన్నారు. పద్దెనిమిదేళ్లలో నా అభిప్రాయానికి దక్కిన మొదటి గౌరవం అది. నాకు అభిప్రాయమేమీ లేదన్న సంగతి మీకూ నాకూ మాత్రమే తెలుసు.

అందుకే వారం వాడాల్సింది ఎనిమిది వారాలైంది. మధ్యలో మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ వచ్చింది.

దసరా వెళ్లిన మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలని జనం. పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడు తిరుగుళ్లు తిరిగే సిరిమాను కోసం నేనూ పొద్దుటి నుంచీ నిలబడ్డాను. పాలధార వెళ్లింది, బెస్తవారి వల వెళ్లింది, తెల్ల ఏనుగు వెళ్లింది, అన్నీ చూశాను. ఎందుకంటే అవి నేల మీద వెళ్తాయి. చింతమాను చివర, దాదాపు అరవై అడుగుల ఎత్తున, పూజారి గారు కుర్చీలో కూర్చుని దీవిస్తూ వచ్చేసరికి ఊరంతా ఒక్కసారి తలెత్తింది. నాకు చక్రాలు కనబడ్డాయి. నడుం దగ్గర నుంచి మొత్తం మనిషిని వెనక్కి వంచాను. వెనకావిడ మీద పడబోయాను. ఆవిడ నన్ను నిలబెట్టి, "అమ్మోరు ఎదురొస్తే తలెత్తవేటి నాయనా!" అంది. ఎవరో విసిరిన అరటిపండు వచ్చి తిన్నగా మీ మీదే తగిలింది. ఆ మరక ఇంకా పోలేదు.

అది జరిగిన వారానికి మిమ్మల్ని తీసి చూసుకుంటే తల నిలవడం లేదు. అన్నాళ్లు మీరు మోస్తుంటే మెడ కండరాలు మెడికల్ లీవు పెట్టేశాయి. అప్పుడు చదివాను ఆ రెండో లైను: "వారం దాటి వాడొద్దు. వ్యాయామం ముఖ్యం."

ఫిజియోథెరపీ అమ్మాయి మా పాపకన్నా నాలుగేళ్లు పెద్దదేమో. మీ వంక చూసి నవ్వి, "అంకుల్, ఇంట్లో బియ్యం బస్తా ఎంత?" అంది. ఇరవై అయిదు కిలోలన్నాను. తల బరువు దాదాపు అయిదు కిలోలేనట. అరవై డిగ్రీలు ముందుకు వంచితే మాత్రం మెడ మీద పడే భారం 27 కిలోల దాకా వెళ్తుందని ఒక అంచనా ఉందట. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కోడి రామమూర్తి గారు కసరత్తు చేసిన ఊరు మాది. అదే ఊళ్లో నేను రోజుకి ఎనిమిది గంటలు బియ్యం బస్తా మెడ మీద మోస్తున్నాను, అదీ పేరు రాకుండా.

"శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లని చూశారా? మెడ బయటపెడతాయి, పనవగానే లోపలికి లాక్కుంటాయి. మీరు పెట్టింది పెట్టినట్టే ఉంచారు" అంది. గడ్డం లోపలికి లాక్కుని అయిదంకెలు లెక్కపెట్టడం, అరచెయ్యి నుదుటికి అడ్డంపెట్టి తలతో తొయ్యడం, అరగంటకోసారి కుర్చీలోంచి లేవడం నేర్పింది. స్క్రీను పై అంచు కళ్లకెదురుగా ఉండాలని కూడా చెప్పింది. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, నడక తేడాగా ఉన్నా మాత్రం వ్యాయామాలంటూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తమంది.

జానెడు ఎత్తు కోసం బీరువా వెతికితే మూడు లావుపాటి రిజిస్టర్లు దొరికాయి. ఆడిట్ వాళ్లకి "ఆచూకీ లేదు" అని నేనే రాసిచ్చినవి. ఇప్పుడవి లాప్‌టాప్ కింద ఉన్నాయి. విడిగా కీబోర్డుకి 450 అయింది. నొప్పి పూర్తిగా పోయిందనను. కుడివైపుకి తిరిగి గోడ గడియారం చూడగలుగుతున్నాను, అయిదు ఎప్పుడవుతుందో తెలుస్తోంది.

తల మళ్లీ ఊగుతోందని కూడా మీకు చెప్పాలి. నిన్న ఆఫీసర్ గారు పిలిచి తలుపు వేసుకోమన్నారు. ఫైలు గురించేమో అనుకుని, అడగకముందే ఊపాను. ఆయన కుడిచేత్తో మెడ రాసుకుంటూ, గొంతు తగ్గించి, "ఆ కాలరు... మీడియం సైజేనా?" అన్నారు.

కాబట్టి తమరిని నేటి సాయంత్రం నుంచి నా మెడ మీది బాధ్యతల నుంచి తప్పించి, వారి గదికి బదిలీ చేయడమైనది. సబ్బుతో ఉతికి నీడన ఆరేశాను. చీటీ జిరాక్సు కూడా జత చేస్తున్నాను, రెండో లైను కింద ఎర్ర గీత గీసి. వెల్క్రో ఎడమవైపు కొంచెం అరిగింది, గట్టిగా నొక్కితే పట్టుకుంటుందని ఆయనకి చెప్పాను.

ఇట్లు,
తమ మాజీ మెడ