పురానాపూల్ మీద కూరగాయల అంగళ్లను కదపొద్దు

హైదరాబాద్‌లోని పాత వంతెన పురానాపూల్ చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ మీద 22 కమానులతో దీన్ని కట్టించాడు. ప్రియురాలు భాగమతి కోసం ఆయన కొడుకు పొంగుతున్న ఏరు దాటాడని, అందుకే వంతెన కట్టించాడని జనం ఇప్పటికీ కథ చెప్పుకుంటారు. కానీ వంతెన పూర్తయ్యేనాటికి ఆ యువరాజు మహమ్మద్ కులీ పన్నెండు పదమూడేళ్ల పిల్లాడు. గోల్కొండ కోట నుంచి, కార్వాన్ బజారు నుంచి సరుకు అవతలి ఒడ్డుకు చేరాలంటే దారి కావాలి. వంతెన అసలు అవసరం అది.

1908 సెప్టెంబర్ వరదల్లో అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు ఒడ్లను కలుపుతూ నిలిచింది ఇదొక్కటే.

ఇప్పుడు బస్సులూ లారీలూ పక్కనున్న కొత్త వంతెన మీద పోతున్నాయి. పాతదాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. పరిచిన గోనె పట్టా మీద టమాటా కుప్పలు, తడిగుడ్డ కప్పిన కొత్తిమీర కట్టలు, తలమీద టార్పాలిన్ నీడ. ధూల్‌పేట, జియాగూడ ఇళ్లలో సాయంత్రం కూరకు కావాల్సినవి ఇక్కడ పావుకిలో లెక్కన దొరుకుతాయి. సరుకు కోసం కట్టిన వంతెన మీద సరుకే అమ్ముడవుతోంది. నా దృష్టిలో ఇది ఆక్రమణ కాదు, ఆ కట్టడానికి దక్కిన రెండో జీవితం.

మూసీ సుందరీకరణ మాట వచ్చినప్పుడల్లా వీళ్ల గురించే నాకు టెన్షన్. బండలు కడిగి, రంగు లైట్లు పెట్టి, సెల్ఫీలకు వదిలేస్తే వంతెన శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. అయితే రోజూ వచ్చే మనిషికి ఇక అక్కడ పనుండదు. పైగా 2014 వీధి విక్రేతల చట్టం సహజ మార్కెట్లను, అంటే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎప్పటి నుంచో కలుసుకునే చోట్లను, గుర్తించమంటోంది. 50 ఏళ్లు దాటినవాటిని వారసత్వ మార్కెట్లుగా ప్రకటించి, అమ్మేవాళ్లను తరలించొద్దనీ చెబుతోంది. ఇక్కడి అంగళ్లు ఎప్పటి నుంచి ఉన్నాయో ముందు సర్వే చేసి తేల్చాలి. బుల్డోజర్ మాట ఆ తర్వాతే.

అలాగని అంతా బాగుందని అనను. కుళ్లిన కూరగాయలు పిట్టగోడ మీదుగా నదిలో పడుతున్నాయి. రాళ్ల సందుల్లో రావి మొక్కలు వేళ్లూనితే కమాను పగులుతుంది, వాటిని మొదట్లోనే పీకాలి. గోడకు మేకులు కొట్టకుండా నీడకు విడి స్తంభాలు ఇవ్వాలి. రోజుకు రెండుసార్లు చెత్త బండి రావాలి, పొద్దంతా కూర్చునే ఆడవాళ్లకు దగ్గర్లో మరుగుదొడ్డి కావాలి. కోట్ల రూపాయల నది పథకంలో వీటికయ్యే ఖర్చు ఏ మూలకు?