స్నో మోడ్‌కు మంగళహారతి

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే కావడం కార్ల షోరూములకు కలిసొచ్చినట్టు ఇంకెవరికీ కలిసిరాలేదు. హిమాలయాల్లో కురిసేదీ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిలో ఎదుటి మనిషిని కనపడనివ్వనిదీ మంచే. అంచేత ‘సార్, దీన్లో స్నో మోడ్ ఉంది, మంచులో కూడా వెళ్తుంది’ అని సేల్స్ కుర్రాడు అనగానే విశాఖ ఎంవీపీ కాలనీ బావగారి కళ్ల ముందు లంబసింగి మీదుగా పోయే చింతపల్లి రోడ్డు కదలాడుతుంది. కుర్రాడు అబద్ధమాడలేదు. బావగారూ తప్పుగా వినలేదు. టాప్ వేరియంట్‌కి సంతకం పడిపోతుంది.

విశాఖకి స్నో మోడ్ ఎందుకని అడిగేవాళ్లు జనవరిలో పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లి చూడాలి. మంకీ క్యాపులు, మఫ్లర్లు, చేతుల్లో పొగలు కక్కే టీ. ఉష్ణోగ్రత ఎంతో మాత్రం అడక్కూడదు.

ఇక అసలు ఘట్టం. డిసెంబరు ఆదివారం, తెల్లవారుజాము నాలుగున్నర. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుండగా బావగారు బండి పక్కకి ఆపుతారు. లోపల లైటు వేస్తారు. ‘అందరూ ఇటు చూడండి’ అంటారు. గేరు పక్కనున్న గుండ్రటి నాబ్‌ని సత్యనారాయణ వ్రతంలో అక్షింతలు అందుకున్నంత భక్తిగా రెండు వేళ్లతో పట్టుకుని టక్కున తిప్పుతారు. తెర మీద నీలం కొండ, దాని మీద మంచుపువ్వు. వెనక సీట్లో మేనల్లుడు రీలు తీస్తుంటాడు. అక్కగారు ‘ఏటో, ఏసీ పెరిగినట్టుంది’ అని శాలువా సర్దుకుంటారు. బావమరిది ఒక్కడే ముందుకి వంగి, ‘బావా, ఏటీ కనపడ్డం లేదు’ అంటాడు. ‘కంగారు పడకు, మోడ్ వేసేశాను గదా.’ ఆపైన హైబీమ్ వేస్తారు. వెలుగంతా పొగమంచుకి తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది, ముందు తెల్ల గోడ లేస్తుంది. నాలుగు ఇండికేటర్లూ టపటపా కొట్టుకుంటుంటాయి. బండి బయల్దేరుతుంది. తెర మీద కొండ చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. బయటి కొండే కనపడదు.

ఇంతకీ ఆ నాబ్ ఏం చేస్తుంది? యాక్సిలరేటర్‌ని మందగింపజేస్తుంది. చాలా ఆటోమేటిక్ బళ్లలో రెండో గేరులో కదిలిస్తుంది. చక్రం కాస్త జారగానే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ శక్తిని కోసేస్తుంది. ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకీ అందే బండి) అయితే వెనక చక్రాలకి ముందుగానే శక్తి పంపొచ్చు. మీ కుడికాలు ఒద్దికైనదైతే ఇందులో సగం పని అదే చేస్తుంది. మారుతి జిమ్నీకి అసలు ఇలాంటి నాబే లేదు, ఉన్నది 2హెచ్ (రెండు చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, నెమ్మదిగా, బలంగా) లివరు. స్నో, మడ్, శాండ్ అని రాసున్న కొన్ని బళ్లకి ఫోర్ బై ఫోరే లేదు. వాటిలో వెనక చక్రాలు టికెట్ కొన్న ప్రేక్షకులు.

నిజం మంచులో, అంటే హిమాచల్‌లో అటల్ టన్నెల్ అవతల సిస్సులోనో, ఇవతల సోలంగ్‌లోనో, పని చేసేది టైరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కింద బిగుసుకుంటుంది. మంచు టైరుకి పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉంటుంది. ఉత్త ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ ప్లస్ స్నో) అచ్చుని చూసి మురిసిపోకండి. ఆ టైరు లేకపోతే చక్రాలకి చుట్టే గొలుసులు. వేశాక వంద మీటర్లు నడిపి, దిగి మళ్లీ బిగించాలి. లోతు మంచులో బండి కూరుకుంటే స్నో మోడే శత్రువు. చక్రం తిరగబోయినప్పుడల్లా శక్తి కోసేస్తుంది, కాబట్టి అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ ఆపాలి. జిమ్నీలాంటి బళ్లలో పొడి తారు రాగానే 4హెచ్ తీసేయాలి, లేకపోతే మలుపులో ముందు ఇరుసూ వెనక ఇరుసూ తోటికోడళ్లలా పెనుగులాడతాయి.

బ్రేకుల సంగతి? 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే పొడి రోడ్డు మీద 8 మీటర్లలో ఆగే బండి, గట్టిపడ్డ మంచు మీద 30 మీటర్లు, నున్నటి ఐసు మీద 60 దాటి జారుతుంది. కదలడానికే ఫోర్ బై ఫోర్. ఆగడానికి ఏ కారుకైనా నాలుగు చక్రాలే.

సరే, నవ్వింది చాలు. ఆ ఘాట్‌లో తెల్లవారుజామున సంతకి నడిచి వెళ్లేవాళ్లుంటారు. నెత్తిన తట్ట, చేతిలో మహా అయితే సెల్‌ఫోను లైటు. రోడ్డంచున, తెల్లచీకట్లో. వాళ్ల పక్క నుంచే రెండు టన్నుల బండిని 60లో తోలుతారు, మోడ్ వేశామన్న ధీమాతో! ఆ బండి టైర్ల మీద ‘2319’ అని ఉంటుంది. 2019లో 23వ వారం సరుకు, టైరు గాడులు అరిగి, ఇక మార్చమని చెప్పే 1.6 మిల్లీమీటర్ల గుర్తుని తాకుతుంటాయి. టాప్ వేరియంట్‌కి లక్షలు ఎక్కువిచ్చిన చెయ్యి నాలుగు టైర్లు మార్చడానికి రాదు. ఆ తట్ట మోసే మనిషికి ఏమన్నా అయితే మీ తెర మీద ఏ బొమ్మ వస్తుందయ్యా?

పొగమంచుకి కావలసినవి ఇవి. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు, అద్దం ఆవిరి పోవడానికి ఏసీ, హారన్ వినపడేలా కాస్త దించిన కిటికీ, 20 లోపు వేగం. హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి) బండి ఆగినప్పుడే. నడుస్తూ వేస్తే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. వీటిలో ఏదీ ఆ నాబ్ మీద లేదు.

తొమ్మిదిన్నరకి మంచు విడిపోతుంది. బొంగులో చికెన్ తిని బావగారు కొండ దిగుతారు. నర్సీపట్నం సెంటర్లో ఎండ చుర్రుమంటుంటే బండి ఆపి, నాబ్ మీద చెయ్యి వేసి బావమరిదిని అడుగుతారు: ‘ఇప్పుడు శాండ్ వెయ్యాలంటావా?’