మూడు కాళ్ల దొరవారికి విన్నపం

మహారాజశ్రీ కెమెరా స్టాండు ట్రైపాడ్ దొరవారి సముఖానికి, తమ కావడి మోసే బంటు రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. నీ కుశలం నాకు తెలుసు, తలుపు వెనక గొడుగు పక్కన ఒరిగి ఉన్నావు. నా కుశలం సంగతి నా కుడి భుజాన్ని అడుగు. రెండున్నర కిలోల అల్యూమినియం శరీరం నీది. కార్బన్ ఫైబర్ తమ్ముడొకడు నీకంటే తేలికే కానీ, వాడి ధర వింటే భుజం నొప్పే నయమనిపిస్తుంది.

"ల్యాండ్‌స్కేపులు తీస్తావా? ముందు ట్రైపాడ్ కొను" అని చెప్పనివాడు లేడు. గాజు పలకల మీద ఫొటోలు తీసిన కాలంలో అది నిజమే. ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్‌కి నువ్వు లేకపోతే పొద్దు గడిచేది కాదు. ఇప్పుడు చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లెన్సులోనూ ఉంది, కెమెరా బాడీలోనూ ఉంది, వెలుతురు చాలనప్పుడు పెంచే ఐఎస్ఓ 3200కి పెట్టినా మొహం మాడ్చుకోని సెన్సర్. అయినా నీ పలుకుబడి తగ్గలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నిన్ను అమ్ముకునేవాడే అయ్యుంటాడు.

గండికోట గుర్తుందా? ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్నా పారే ఆ లోయ మీద సూర్యోదయం కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. టార్చి నోట కరుచుకుని, బండలెక్కి, నీ కాళ్లు బార్లా చాపి, కెమెరా బిగించబోతే నీ నెత్తి బోసిగా ఉంది. కెమెరాను నీకు బిగించే అగ్గిపెట్టెంత ప్లేటు లేదు. అది ఇంట్లో పాత కెమెరా కిందే ఉండిపోయింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఇదే. తూర్పు ఎర్రబడుతోంది, నువ్వేమో మొండి తలతో ఆకాశం చూస్తున్నావు.

ఆ రోజు నన్ను ఆదుకున్నది పాత జీన్స్ ప్యాంటు కాలు. దాన్ని మోకాలి దగ్గర కత్తిరించి, రెండు చివర్లూ కుట్టి, లోపల రెండు కిలోల బియ్యం పోస్తే అదే బీన్ బ్యాగు. కారు అద్దం మీద వేసుకుని పిట్టల్ని తీయడానికి తెచ్చుకున్నాను. బండ మీద వేసి, కెమెరాను అందులో గుంట చేసి కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు తీసేశాను. లెన్సు రంధ్రం ఎఫ్ 11, ఐఎస్ఓ 100, షట్టర్ పావు సెకను. హాల్లో ఫ్రేము కట్టించుకున్న ఫొటో అదే. నువ్వా పక్కనే నిలబడి నా తడి తువ్వాలు ఆరబెట్టావు. ఇంకో సంగతి: ఆ సంచీని ఊళ్లకు ఖాళీగా తీసుకెళ్తే బరువుండదు, అక్కడి కిరాణా కొట్లో బియ్యం పోయించుకోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు వండుకోవచ్చు. నిన్ను వండుకోగలమా?

పులికాట్ సంగతి చెప్పక తప్పదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన, దూరంగా ఫ్లెమింగోలు తలలు నీళ్లలో ముంచి మేస్తున్నాయి. బురదలోకి దిగి నిన్ను నిలబెట్టాను. మొదటి ఫ్రేములో నీటి గీత సమంగానే ఉంది. పదో ఫ్రేముకి సరస్సు మొత్తం ఎడమకు ఒలికిపోతోంది. లెవెల్ బుడగ పాడైందనుకుని సరిచేశాను, మళ్లీ ఒలికింది. పావుగంట ఇదే తంతు. అప్పుడు వలతో పోతున్న పెద్దాయన ఆగి, "ఏంది సార్, రీసర్వేనా?" అన్నాడు. కాదు, పిట్టల ఫొటోలు అన్నాను. ఆయన నా ముఖం కాదు, నీ కాళ్లు చూశాడు. "ఒక కాలు దిగిపోతా ఉండాది. కింద టెంకాయ చిప్పలు పెట్టండి." వేల రూపాయల సలహాలు విన్న నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. బోర్లా కాదు, వెల్లకిలా పెట్టాలి. కాలు గుంటలో కూర్చుంటుంది, చిప్ప బురద మీద తేలుతుంది.

ఆ రోజే ఇంకోటీ నేర్చుకున్నాను. నీ కాళ్లంటే ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు కదా, పొడి నేల మీద లావువి ముందు లాగాలి, సన్నవి అవసరమైతేనే. బురదలో, నీళ్లలో తలకిందులు: అడుగునున్న సన్న గొట్టాన్ని మొదట పూర్తిగా లాగితే బిగించే కీళ్లు నీళ్లకు పైనుంటాయి. నేను లావువే లాగాను. ఉప్పునీళ్లు కీళ్లలోకి పోయాయి, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగలేదు. తప్పు నాదే. కానీ అప్పట్నుంచి నిన్ను తెరిచినప్పుడల్లా తిరగలి విసిరినట్టు కరకర, పిట్టలన్నీ నీ రాక తెలుసుకుని లేచిపోవడం మాత్రం నీ చలవే.

పక్షుల ఫొటోలకు నువ్వు పనికిరావని నేలపట్టు పక్షుల కేంద్రంలో ఖాయమైంది. బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, నేను వాచ్ టవర్ మీద, దూరాన్ని దగ్గర చేసే 400 ఎంఎం లెన్సు నీ నెత్తిన. మెట్ల మీద ఎవరి పిల్లలో దౌడు తీశారు. వాళ్లు వేసిన ప్రతి అడుగూ నీ మూడు కాళ్లగుండా నా ఫొటోలోకి ఎక్కింది. పైగా నీ మీద కూర్చున్నాక స్టెబిలైజేషన్ ఆపమని పాత లెన్సులు కోరతాయి, లేకపోతే లేని వణుకును వెతుక్కుంటూ అదే వణుకుతుంది. నేను మర్చిపోయాను. చివరికి నిన్ను వదిలేసి, మోచేతులు పొట్టకు ఆనించి, షట్టర్ 1/2000 సెకనుకు పెట్టి తీస్తే ఎగిరే గూడబాతు ఈకలతో సహా దొరికింది.

అసలు ఫిర్యాదు వేరే. నిన్ను తెరిచానంటే నీ ఎత్తే నా ఎత్తు, నువ్వు నిలబడ్డ చోటే నా చోటు. ముందు నాలుగడుగులు తిరిగి, వంగి, పడుకుని, చోటు దొరికాక నిన్ను విప్పాలి. నేను కారు దిగంగానే విప్పుతాను. నీటి అంచున నడిచే ఉల్లంకి పిట్టను దాని కంటి ఎత్తున చూడాలంటే బోర్లా పడుకోవాలి కదా, నీ వెనక జంటిల్‌మన్‌లా నిలబడితే దాని నడినెత్తి తప్ప ఏం కనిపిస్తుంది? ఒక కోట గుమ్మంలో కాపలాదారు కెమెరాను వదిలి నిన్ను ఆపాడు చూడు, పురావస్తు శాఖ కట్టడాల్లో నీకు ముందు అనుమతి కావాలని. ఆ రోజు ఆయన్ని తిట్టుకున్నాను. లోపల చేత్తో తీసినవి చూశాక తిట్లు వెనక్కి తీసుకున్నాను.

అలాగని నీకు పనిలేదని కాదు, అబద్ధమెందుకు. కుంటాల జలపాతం దగ్గర ఒక సెకను షట్టర్‌కి నువ్వు తప్ప దిక్కు లేదు. చుక్కల రాత్రి ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టి నిలబడే మనిషెక్కడ? గాలి వీస్తే నీ నడుం కొక్కేనికి బ్యాగు తగిలిస్తాను, కానీ దాని అడుగు నేలకు ఆనేలా. గాల్లో వేలాడితే లోలకమై నిన్నే ఊపుతుంది. నీ తలను ఎత్తే మధ్య గొట్టం పైకి లేపను. అది లేపితే నువ్వు మూడు కాళ్ల దొరవి కావు, మునగకర్రవి.

డిసెంబరులో మళ్లీ పులికాట్ అనుకుంటున్నాను. ప్లేటును నీ నెత్తికే పురికొసతో కట్టేశాను. చిప్పలు నాలుగు పెట్టాను, ఒకటి పగిలినా పని ఆగదు. కీళ్లు విప్పి కడిగాను, ఎండాక గ్రీజు పూస్తాను. కాస్త ఆగు, నీ మీద తువ్వాలు ఆరుతోంది.

ఇట్లు,
తమ కావడి బంటు