ఖాళీగా కూర్చున్న ఆరో డిస్కు

ఊరికే కూర్చుని తినేవాణ్ణి గుంటూరులో ఎవరూ సహించరు. కొత్తల్లుడికైనా సంక్రాంతి మూడు రోజులే. అలాంటి ఊళ్ళో, మిర్చి యార్డు దగ్గరున్న మా కమీషన్ కొట్లో, ఆరు డిస్కుల సర్వరు పెట్టి, అయిదింటికే పని చెప్పి, ఆరోదాన్ని ‘హాట్ స్పేర్’ అని ఖాళీగా కూర్చోబెట్టాడు బెజవాడ నుంచి వచ్చిన కుర్రాడు. కష్టపడి బతికే జాతికి జరిగిన ఈ అవమానాన్ని పెద్దల దృష్టికి తేవడం నా విధి.

మా షావుకారు గారు తెర మీద వేలు పెట్టారు.

“ఇదేం చేస్తుందబ్బాయ్?”

“ఏమీ చెయ్యదండి. మిగతావాటిలో ఏదైనా పోతే దాని చోట్లోకి వస్తుంది.”

“పోకపోతే?”

“కాచుక్కూర్చుంటుందండి.”

“కరెంటు?”

“తీసుకుంటుందండి. హాట్ అంటే అదేనండి.”

కోల్డ్ స్టోరేజీలో తేజ మిర్చి టిక్కీలకి బూజు పట్టిందని తెలిసిన రోజున కూడా ఆయన మొహం అంత వాడిపోలేదు.

కుర్రాడు శాస్త్రం విప్పాడు. ఒక్కోటి 4 టెరాబైట్లు. అయిదింటిని రైడ్ (RAID) 5గా, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతిలో కడితే ఒక డిస్కంత చోటు పారిటీ లెక్కకి పోయి 16 మిగులుతుంది. ఒకటి చచ్చినా మిగిలినవాటి నుంచి లెక్కగట్టి పోయినదాన్ని తిరిగి రాయొచ్చు. రెండోదీ పోతే దణ్ణం పెట్టుకోవడమే. స్పేరుంటే అర్ధరాత్రి డిస్కు పోయినా ఎవరూ లేవక్కర్లేదు, డిస్కుల్ని నడిపే కంట్రోలరే ఆ తిరిగి రాయడం (రీబిల్డ్) మొదలెడుతుంది. ఇంత చెప్తే షావుకారు గారి చెవిన పడింది 16 ఒక్కటే. డబ్బు కట్టింది ఆరు నాలుగులు 24కి. మధ్యలో ఎనిమిది ఎవరు తిన్నట్టు?

అసలు 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ పేపరు రాసినప్పుడు రైడ్‌లో ‘ఐ’ అంటే ఇనెక్స్‌పెన్సివ్, చవక. తర్వాత అది ఇండిపెండెంట్ అయింది. చవక అని పేరు పెట్టుకుని ఆ రేట్లకి ఎలా అమ్ముతారు మరి!

తుంగభద్ర డ్యామ్ సంగతి గుర్తు చేశాను. 2024 ఆగస్టులో 33 గేట్లలో 19వది కొట్టుకుపోతే గేటు చోట నీళ్ళకి అడ్డం పెట్టే స్టాప్‌లాగ్‌లు ఆఘమేఘాల మీద చేయించి దింపారు కదండీ అన్నాను.

“మిగతా 32 బాగానే ఉన్నాయిగా,” అన్నారు.

ఆరోదానికీ ఉద్యోగం వచ్చింది. చోటు 20 అయింది. (24కి 24 ఇచ్చే రైడ్ 0 ఒకటుందని, అందులో ఒక్కటి పోయినా మొత్తం పోతుందని నేను నోరెత్తలేదు. నాకూ పిల్లలున్నారు.)

మార్చిలో, యార్డులో కాలు పెట్టే సందు లేని రోజుల్లో, సర్వరు కూత మొదలెట్టింది. యూపీఎస్ అనుకుని గుమాస్తా ప్లగ్గులన్నీ పీకి చూశాడు. చివరికి తెర మీద ‘సైలెన్స్ అలారం’ కనిపించింది. మన మనసెరిగినవాడెవడో పెట్టిన సదుపాయం. నొక్కాం, కూత ఆగింది, డిస్కుకి నయమైందని సంతోషించాం. పదకొండు రోజులు సర్వరు ఆ కుంటి కాలుతోనే బిల్లులు కొట్టింది. ఒక్కో బిల్లుకీ గుమాస్తా టీ తాగొచ్చేవాడు, అంతే తేడా.

కుర్రాడు వేరే పని మీద వచ్చి ఎర్ర లైటు చూసి తల పట్టుకున్నాడు. కొత్త డిస్కు తెప్పించమంటే షావుకారు గారు బేరమాడి 3 టెరాబైట్లది తెప్పించారు. చిన్నదాన్ని కంట్రోలరు గడప తొక్కనివ్వలేదు. సరైనది వచ్చేసరికి ఇంకో రెండు రోజులు. రీబిల్డ్ 61 శాతం దాకా వచ్చింది. ఆరూ ఒకే రోజు ఒకే పెట్టెలోంచి దిగినవి, ఒకే ఈడువి. ఆ రాత్రంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివి చదివి రెండోది కన్నుమూసింది.

“బ్యాకప్ ఏదండీ?”

“రైడ్ ఉందన్నావుగా!”

ఇప్పుడు మళ్ళీ కొత్త డిస్కులు, మళ్ళీ రైడ్ 5. స్పేరు కూడా కొన్నాం. సర్వర్లో పెడితే అరిగిపోతుందని షావుకారు గారు దానికి పసుపు కుంకుమ పెట్టి ఇనప్పెట్టెలో దాచారు. తాళంచెవి ఆయన మొలతాడుకుంది. నిన్న ఆయన తిరుమల కొండెక్కారు. పొద్దున్నుంచి ఏదో కూస్తోంది.