సంతకం పెట్టేవాళ్లకే ఈ క్లాసు కావాలి

ఇంజినీర్లకు వృత్తి నీతిని బీటెక్‌లో ఒక సబ్జెక్టుగా పెడితే చాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట ఒప్పుకోలేను. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది పరీక్షలో వచ్చే ప్రశ్న, అంతే. అసలు ఒత్తిడి ఉద్యోగంలో చేరాక మొదలవుతుంది.

1981లో అమెరికాలోని కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు వంతెనలనూ పైకప్పు నుంచి వేలాడదీసేందుకు ఒక్కో చోట ఒకే పొడవాటి రాడ్డు. పని సులువవుతుందని దాన్ని రెండుగా విడగొట్టారు. దాంతో కింది వంతెన పైదానికి వేలాడింది, పైదాని జాయింటు మీద బరువు రెట్టింపయింది. లెక్క సరిచూడకుండానే షాప్ డ్రాయింగుల (భాగాలు తయారుచేసేవాళ్లు గీసే వివరమైన డ్రాయింగుల) మీద ఇంజినీరు ముద్ర పడిపోయింది. (మొదటి డిజైన్ కూడా భవన నిర్మాణ నిబంధనలకు సరిపోలేదు, అది వేరే సంగతి.) ఇద్దరు ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్ల ముందు ఇలాంటి డ్రాయింగు పెట్టి, "కాంట్రాక్టర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, సంతకం పెడతారా?" అని అడగండి. అప్పుడు అనుభవం ఉన్నవాళ్లు నోరు విప్పుతారు. అమెరికాలోని టెక్సస్‌లో ఇంజినీరు లైసెన్సు నిలవాలంటే ఏటా కనీసం ఒక గంట వృత్తి నీతి పాఠం తప్పదు. మన ఇంజినీర్లకు దేశమంతటా చెల్లే చట్టబద్ధ లైసెన్సే లేదు, ఇక రెన్యువల్ ఎక్కడిది? కనీసం ప్రభుత్వ శాఖల ట్రైనింగుల్లోనైనా మొదలుపెట్టొచ్చు కదా.