పలాస జీడిపప్పుకి ఆ పొరలు కావాలి

పొరలు అతికించిన ప్లాస్టిక్ ప్యాకింగ్ కవర్లు చెత్తగా మిగిలిపోతున్నాయని, వాటిని పూర్తిగా ఆపేయాలని మీ వ్యాసంలో రాశారు. పలాసలో జీడిపప్పు ప్యాక్ చేసి అమ్ముకునే నేను దీనికి ఒప్పుకోలేను. మా పప్పుకి శత్రువులు గాలి, చెమ్మ. ఒక వానాకాలం చవగ్గా వస్తున్నాయని ఒంటిపొర పాలిథిన్ కవర్లు తెచ్చాను. నెల తిరక్కుండా షాపుల నుంచి సరుకు వెనక్కి వచ్చింది. కవరు విప్పితే ముక్కిన వాసన. పప్పు పంటికింద కరకరలాడలేదు, మెత్తగా నలిగింది. పిక్క కొట్టి, పొట్టు తీసి, విరగని పప్పు ఏరిన ఆడవాళ్ల కష్టం గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు వాడేవాటికి బయట అచ్చు వేసిన పాలియెస్టర్, దాని వెనక అల్యూమినియం పూత, లోపల వేడికి అతుక్కునే పాలిథిన్. గాలి తీసేసి నైట్రోజన్ నింపుతాం. పూర్వం రేకు డబ్బా చేసిన పని ఈ పల్చటి కవరు చేస్తోంది.

చెత్త గురించి మీరన్నది మాత్రం నిజం. పొరలు విడదీయడం కష్టం కాబట్టి చెత్త ఏరేవాళ్లూ వీటిని ముట్టుకోరు. మా వీధి కాలువలో సీసాలు మిగలవు, ఈ కవర్లే మిగులుతాయి. పలాస-కాశీబుగ్గ యూనిట్లన్నీ కలిసి వీటిని సేకరించే చోటు ఒకటి పెట్టాలి. నా వంతు ఖర్చు నేనిస్తాను.